ఒక మాటకు అంటగట్టిన పుట్టిల్లు

ఆ నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ పుట్టింటి మాస్టారు అనేవారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఇంగ్లీషు మాటలకు మన భాషలో అర్థాలు చెప్పే ఆ నిఘంటువులో ప్రతి మాట కిందా చిన్న అక్షరాల్లో ఒక వరస ఉండేది. ఈ మాట ఇంగ్లీషులోకి ఏ భాష నుంచి వచ్చి చేరిందో చెప్పే వరస అది. అర్థాలు రాసేవాళ్ళు ఐదుగురు. ఆ కింది వరస రాసేది మాత్రం మాస్టారు ఒక్కడే. ముప్పై ఏళ్ళుగా రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర, కార్డులు నింపిన చెక్క సొరుగుల మధ్య కూర్చుని మాటల పుట్టిళ్ళు వెతుకుతూ వచ్చాడు. కార్డు పైన మాట, కింద దాని పుట్టిల్లు, వెనకవైపు అందుకు సాక్ష్యం చెప్పే పుస్తకాల పేర్లు రాసుకునేవాడు.

మనిషి మంచివాడే గాని కాస్త అతిశయం ఎక్కువ. ఇంగ్లీషు గొప్ప భాష అని ఎవరైనా ఆయన ముందు నోరు జారితే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"ఏం గొప్పండీ? ఇల్లంతా అరువు సామానేగా! సోఫా అరబ్బులది, షాంపూ హిందీవాళ్ళది, చాక్లెట్టు సముద్రాల అవతల ఆదివాసులది. చివరికి విండో అన్న మాట కూడా ఓడలేసుకుని దోచుకోడానికి వచ్చినవాళ్ళు పడేసిపోయిందే" అని మొదలుపెట్టేవాడు.

"మరి మనమేమిచ్చాం మాస్టారూ?" అని ఎవరో ఒకరు అందించాలి. అందించకపోతే ఆయనే ఆగి చూసేవాడు.

"పందికొక్కునిచ్చాం! బాండికూట్ అని పేరు తిప్పి పెట్టుకున్నారు" అని తనే పగలబడి నవ్వేవాడు. ఆ ముక్క ఆఫీసులో ప్రతివాడూ తక్కువలో తక్కువ ఇరవైసార్లు విన్నాడు. అన్ని జాతులూ తలా ఒక చెయ్యి వేస్తేనే ఒక భాష నిలబడుతుందని ఆయన బడుల్లో ఉపన్యాసాలు కూడా ఇచ్చేవాడు. చప్పట్లు బాగానే పడేవి. తను మనుషుల్లో ఎవర్నీ తక్కువగా చూడనని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీద ఆయనకెప్పుడూ అనుమానం రాలేదు, అదే వచ్చిన చిక్కు.

ఆయన పనికి ఒక కట్టుబాటు ఉంది. ఏ మాటకైనా పుట్టిల్లు రాయాలంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పుస్తకాలు అదే సంగతి చెప్పాలి. రెండు సాక్ష్యాలు దొరక్కపోతే "తెలియదు" అని రాసి వదిలేయాలి. ఆఫీసు పెట్టిన నియమం కాదది, ఆయన తనకు తాను పెట్టుకున్నది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేవాడు. "తెలియదు అని రాయడానికి సిగ్గుపడేవాడు ఈ సొరుగులు ముట్టుకోకూడదు" అనేవాడు.

ఆ ఆఫీసు వేసేవి రెండు, చిన్న నిఘంటువూ పెద్ద నిఘంటువూ. పెద్దదాని కొత్త కూర్పు అచ్చుకు వెళ్ళడానికి ఇంకా వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం భోజనాల వేళ దారాలక్క మెట్లెక్కి పైకి వచ్చింది. కింద బైండింగు గదిలో అచ్చు కాగితాల మడతలను సూదీదారంతో కుట్టే మనిషి ఆవిడ. పదిహేనేళ్ళుగా ఆ భవనంలోనే పనిచేస్తున్నా రెండో అంతస్తుకు రావడం అదే మొదలు. చంకలో పాత కూర్పు పెద్ద నిఘంటువు ఉంది. అందులో ఒక పేజీ దగ్గర దారం ముక్క వేలాడుతోంది.

"మాస్టారూ, మా పిల్ల మూడు వారాల నుంచి బడికి పోవట్లేదండీ" అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బానే ఉందండీ. ఇదిగో, ఇది చూడండి."

పుస్తకం విప్పి దారం ఉన్నచోట వేలు పెట్టింది. ఆ మాట నేనిక్కడ రాయను. అది ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిది. నమ్మించి సొమ్ము కాజేసే చిల్లర దొంగ అని దాని అర్థం. కింద చిన్న అక్షరాల్లో "పడవలవాళ్ళ భాష నుంచి" అని ఉంది.

పడవలవాళ్ళంటే ఎప్పుడో నాలుగైదు తరాల కిందట నది వెంట పడవల్లో వచ్చి ఆ ఊరి గట్టున ఆగిపోయినవాళ్ళు. ఇప్పుడు పడవలూ లేవు, పాడూ లేదు. కూలి పనులూ కుట్టు పనులూ చేసుకుంటూ, ఇంట్లో తమ భాష, బయట మన భాష మాట్లాడుకుంటూ బతుకుతున్నారు. అయినా ఊళ్ళో ఎవరి సైకిలు పోయినా మొదట చూసేది గట్టు వైపే. దారాలక్క ఆ గట్టు మనిషే.

"పాఠంలో ఈ మాట వచ్చిందంట. ఎవరో ఒకడు పుస్తకం తీసి కింద రాసింది కూడా గట్టిగా చదివాడంట. ఇంకేముంది, క్లాసంతా మా పిల్ల వంక తిరిగి నవ్వారంట. ఆ రోజు నుంచి దాన్ని పేరు పెట్టి పిలవడం మానేశారండీ, ఈ మాటతోనే పిలుస్తున్నారు. టీచరమ్మకి చెప్పుకుంటే, పుస్తకంలో ఉన్నదేగా, నన్నేం చేయమంటావు అందంట."

మాస్టారు గబగబా సొరుగు లాగి కార్డు తీశాడు. వెనక్కి తిప్పి చూస్తే రెండు పుస్తకాల పేర్లు స్పష్టంగా, తన చేతిరాతలోనే ఉన్నాయి. ఆయన ప్రాణం కుదుటపడింది.

"చూడమ్మా, ఊరికే రాసింది కాదు. రెండు సాక్ష్యాలున్నాయి. అయినా మాట ఎక్కడ పుడితే ఏం? అది చరిత్ర. దానికీ మీ పిల్లకీ ఏం సంబంధం? కావాలంటే నేనే బడికొచ్చి పిల్లలకి నచ్చజెప్తాను."

"మా భాషలో ఆ మాట లేదండీ" అంది దారాలక్క.

"పాతకాలంలో ఉండి ఉండొచ్చు కదమ్మా."

"మా అమ్మమ్మకి ఎనభై దాటాయండీ, ఆవిడనీ అడిగాను. ఎప్పుడూ వినలేదంది. రాసేముందు మమ్మల్నెవరైనా అడిగారాండీ?"

 నది గట్టు ఆఫీసుకు పావుగంట నడక. ముప్పై ఏళ్ళలో ఆయన అటు అడుగుపెట్టిందే లేదు.

"నెల దాటితే పేరు కొట్టేస్తామన్నారండీ బళ్ళో. పుస్తకంలో మారితేనే పోతానని అది మొండికేసింది. చదువుతుందండీ అది, బాగా చదువుతుంది. ఏదో ఒకటి చేయండి మాస్టారూ."

చూస్తానని చెప్పి పంపించాడు. పంపించాడేగాని అన్నం సహించలేదు. డబ్బా మూతపెట్టి, అలమరలోంచి ఆ రెండు పుస్తకాలూ దించాడు. మొదటిది, ఎప్పుడో గట్టు మీద కేసులు విచారించిన ఒక దొర రాసుకున్న జ్ఞాపకాలు. "ఈ మాట ఆ పడవలవాళ్ళదే అయి ఉంటుందని నా ఊహ" అని రాశాడు దొర. ఊహ అని ఉంది. మాస్టారుకు ఆ ఊహ అన్న ముక్క ఇన్నేళ్ళలో గుర్తు లేనే లేదు. రెండోది ఒక ప్రొఫెసరు రాసిన లావుపాటి పుస్తకం. అందులో ఊహా గీహా లేదు, పడవలవాళ్ళదేనని ఖాయంగా ఉంది. ఆ వాక్యం చివర చిన్న అంకె ఉంది. పుస్తకం చివర ఆ అంకె దగ్గర ఏముందో ఆయన ఎన్నడూ తిప్పి చూడలేదు. ఇప్పుడు తిప్పాడు.

అక్కడ ఉన్నది తమ ఆఫీసువాళ్ళ చిన్న నిఘంటువు పేరు.

మాస్టారు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్న నిఘంటువు పేజీలు అచ్చుకు పోతుంటే, దొర పుస్తకం ఒక్కటే సాక్ష్యం పెట్టుకుని, పెద్దది వచ్చేలోగా రెండోది వెతుక్కుందాంలే అని పడవలవాళ్ళ పేరు రాసేశాడు. ప్రొఫెసరు ఆ చిన్న నిఘంటువు చూసి తన పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగేళ్ళకు మాస్టారు ప్రొఫెసరు పుస్తకం చూసి, అమ్మయ్య, రెండో సాక్ష్యం దొరికిందని పొంగిపోయి పెద్ద నిఘంటువుకు ఎక్కించాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కార్డు వెనక సాక్ష్యం చెబుతున్నది ఆయనే. ఈ తప్పు నిఘంటువులు రాసేవాడు తప్ప ఇంకొకడు చేయలేడు.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ వింది.

"ఆ పిల్ల దగ్గరికెళ్ళి తప్పైపోయిందని చెప్పారా?"

"ముందు పుస్తకంలో మారనీవే. ఉత్త చేతులతో వెళ్ళి ఏం చెప్పను?"

"బావుంది. మీకు మనిషి కంటే పుస్తకం ముందు." ఒక చొక్కా దులిపి మడతపెట్టింది. "పోనీలెండి, ఇప్పటికైనా వాళ్ళ మీద జాలేసింది. పై వాటా ఖాళీగా ఉన్నప్పుడు గట్టువాళ్ళు వస్తామంటే మీరే కదూ వద్దన్నది?"

"నాకేం అభ్యంతరం లేదన్నాను. పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని..."

"ఆ, అదే" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు నిదానంగా మాట్లాడే మనిషి. అంతా విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు, పైగా తల కూడా ఊపాడు. మాస్టారు అడిగినవి రెండు. కొత్త కూర్పులో ఆ వరస మార్చి "తెలియదు" అని వేయాలి. పాత పుస్తకాలున్న బడులకు, మేం తప్పు రాశామని ఒక సవరణ చీటీ అచ్చేసి పంపాలి.

"చూడండి మాస్టారూ, మీ బాధ నాకర్థమైంది. కానీ ఇరవై ఆరేళ్ళు తప్పు చెప్పామని మనకు మనమే అచ్చేసుకుంటే, మిగతా మాటలు మాత్రం ఎవరు నమ్ముతారు?" అన్నాడు మేనేజరు. "నిజానికి మీ పుట్టిళ్ళ వరస గురించి నేనే పిలుద్దామనుకుంటున్నా. ఆ వరస మొత్తం తీసేద్దామండీ."

"మొత్తమా?"

"ఈ రోజుల్లో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారని తవ్వుకోవడం ఎందుకు చెప్పండి? అందరం ఒకటే అనుకుంటే గొడవే ఉండదు. పేజీలు కూడా తగ్గుతాయి."

మాస్టారు ఊరుకోలేదు. "అందరం ఒకటే అనేముందు ఆ పిల్ల మీద మనం పోసిన బురద కడగాలి కదండీ. వరస తీసేస్తే పాత పుస్తకమే ఆఖరి మాట అయిపోతుంది. అది తప్పని చెప్పే పుస్తకం ఇక ఎప్పటికీ రాదు."

"పాతవి కొన్నాళ్ళకి వాటంతటవే చిరిగిపోతాయిలెండి."

"పిల్లకి తొమ్మిది రోజులే ఉందండీ!"

మేనేజరు గడియారం చూసుకున్నాడు. మాస్టారు బతిమాలాడు. ఉద్యోగం మానేస్తానన్నాడు. అది బెదిరింపుగా కూడా పని చేయలేదు. కింది వరసే లేకపోతే ఆయన ఉద్యోగం ఎటూ ఉండదు కదా. ముప్పై ఏళ్ళ పని ఒక్క మాటతో పోయిందన్న సంగతి ఆయనకు మెట్లు దిగేటప్పుడు గాని తట్టలేదు. తట్టినా దాని మీద ఏడవడానికి తీరిక లేదు.

అక్కణ్ణుంచి తిన్నగా బడికి వెళ్ళాడు. పెద్ద పంతులమ్మ కుర్చీ వేయించింది, మీ ఉపన్యాసం ఇప్పటికీ గుర్తుందంది. సంగతి చెప్పగానే మాత్రం మొహం ముడుచుకుంది.

"కంపెనీ పేరుతో అచ్చైన చీటీ ఒక్కటి తెండి, ప్రార్థన దగ్గర నేనే చదివిస్తాను. మీరొచ్చి నోటితో చెప్తే ఎలాగండీ? రేపు ఇంకొకరొచ్చి ఇంకో మాట తప్పంటారు. పుస్తకానికి విలువేముంటుంది?"

"రాసింది నేనే కదమ్మా, తప్పని నేనే చెప్తున్నాను కదా!"

"ఆ పిల్ల తల్లి మీ ఆఫీసులోనే పనిచేస్తుందటగా?" అంది పంతులమ్మ, వేరే ఏదో అర్థమైనట్టు.

ఆ చూపుకు మాస్టారుకు తల కొట్టేసినట్టయింది. తర్వాత నాలుగు రోజులు ఆయన తిరగని గుమ్మం లేదు. బడులు చూసే ఆఫీసులో దరఖాస్తు తీసుకుని ముద్రేశారు, అంతే. ప్రొఫెసరు చనిపోయి చాలాకాలమైంది. మాస్టారు ఎక్కడికి వెళ్ళినా అందరూ అడిగింది ఒకటే, అచ్చులో ఉందా అని. అచ్చులో ఉన్నదల్లా నిజమని ఆయనే ఊరూరా తిరిగి నేర్పాడు.

అప్పుడు ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. ఏదో సరిచూసుకోవాలని అడిగి బడి గ్రంథాలయంలో కూర్చున్నాడు. అక్కడ పాత పెద్ద నిఘంటువులు ముప్పై ఆరు ఉన్నాయి. స్కేలూ నల్లసిరా కలమూ తీసి, ఒక్కో పుస్తకంలో ఆ వరస మీద గీత కొట్టి, పక్కన "తప్పు. పుట్టిల్లు తెలియదు" అని రాసి సంతకం పెట్టడం మొదలెట్టాడు. ఒక్క గీతా వంకర పోలేదు. ఇరవై రెండు పుస్తకాలయ్యాయి. ఇరవై మూడోది తెరుస్తుండగా గ్రంథాలయం చూసే ఆయన వచ్చి చేతిలోంచి కలం లాక్కున్నాడు. కేకలు విని పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు. పెద్ద పంతులమ్మ వచ్చి, మీ వయసు చూసి ఊరుకుంటున్నాను, వెళ్ళిపోండి అంది.

దాంతో అయిపోతే బాగుండేది. ఆ మాట ఊసే ఎరగని చిన్న తరగతులవాళ్ళు కూడా ముసలాయన ఏం కొట్టేశాడో చూద్దామని పుస్తకాలు తెరిచారు. పాపం, నీటుగా గీసిన గీత కింద అక్షరాలు చక్కగా కనబడుతూనే ఉన్నాయి. సాయంత్రానికి బడంతా ఒకటే మాట: పడవలవాళ్ళు మనిషిని పెట్టి తమ గుట్టు చెరిపించుకోబోయారు. ఇంతకాలం ఒక్క క్లాసులో ఉన్న వెక్కిరింత ఇప్పుడు గట్టు మీది పిల్లలందరి మీదా పడింది. దారాలక్క చెల్లెలి కొడుకు చొక్కా చిరిగి ఏడుస్తూ ఇల్లు చేరాడు.

నెల గడువు ఇంకా రెండు రోజులుండగానే దారాలక్క బడికి వెళ్ళి కూతురి పేరు తనే తీయించేసింది.

ఆ సంగతి పది రోజులకు గాని తెలియని మాస్టారు, తెలియగానే ఒక తెల్లకాగితం తీసుకుని, జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసి, కింద పేరూ చిరునామా వేసి, ఇంకో బడిలోనైనా చూపించుకోవచ్చని పట్టుకుని బైండింగు గదికి వెళ్ళాడు. అప్పటికి కొత్త కూర్పు అచ్చయి వచ్చేసింది. గదంతా జిగురు వాసన. బల్ల నిండా కాగితాల కట్టలు. ఆ కాగితాల మీద మాటలున్నాయి, అర్థాలున్నాయి, కింద ఏ వరసా లేదు. బల్లకు ఒకవైపు దారాలక్క కుడుతోంది. ఎదురుగా పన్నెండేళ్ళ పిల్ల నిలబడి, పెద్ద పెద్ద కాగితాలను చెక్కపట్టీతో నొక్కుతూ మడతలు వేస్తోంది. పనికి కొత్తయినా మడత తప్పడం లేదు.

"ఇదేనా అమ్మా మీ పిల్ల?" అన్నాడు. ఆ పిల్లను ఆయన చూడడం అదే మొదటిసారి.

దారాలక్క తలెత్తలేదు. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తుందండీ? పని నేర్చుకుంటుందని తెచ్చుకున్నా."

మాస్టారు తను రాసి తెచ్చిన ఉత్తరం చాపితే, పిల్ల చేతులు తుడుచుకుని అందుకుంది. నిలబడే మొత్తం చదివింది. ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. ఎంత శ్రద్ధగా చదివిందంటే, ఇలాంటి పిల్ల ఒక్కతి తన దగ్గర పనికి చేరి ఉంటే ఎంత బాగుండేదని మాస్టారుకు అనిపించింది. 

"అయితే మరి ఆ మాట ఎవరిదండీ?" అంది పిల్ల.

"తెలీదమ్మా."

"తెలీకపోతే తెలీదని రాస్తారా మీరు?"

"రాస్తాం. చాలా మాటలకి అలాగే రాశాను."

"మరి దీనికి మాది అని ఎందుకు రాశారు?"

మాస్టారు నోరు తెరిచాడు. పేజీలు అచ్చుకు పోతుంటే తొందరలో రాశానని చెప్పొచ్చు. దొర మోసం చేశాడనొచ్చు, ప్రొఫెసరు మోసం చేశాడనొచ్చు. అవన్నీ ఉత్తరంలో రాసినవే. పిల్ల అవి చదివేసి కూడా అడుగుతోంది. ఇంతకాలం అందరికీ ఆ సాకులే చెప్పుకుంటూ వచ్చానని అప్పుడు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"ఆ దొర పుస్తకంలో దొంగ అనే మాట మావాళ్ళదని ఉంటే, తల్లీ, నేను పది పుస్తకాలు తిరగేసేవాణ్ణి. మీవాళ్ళదని ఉంది. చదవగానే... అవునులే, అయ్యుంటుంది అనిపించింది."

దారాలక్క చేతిలో సూది ఆగిపోయింది. పిల్ల ఏడవలేదు, కోప్పడనూ లేదు. ఉత్తరం మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"బళ్ళో వాళ్ళకీ అలాగే అనిపించిందండీ" అంది. తర్వాతి కాగితం లాక్కుని మడత పెట్టింది.